టైల్స్ పనిలో చేరిన మా అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

తిరుపతిలో మేస్త్రీ దగ్గర చేరావని మీ అమ్మ చెప్పింది. ఎంతసేపూ మాలు (సిమెంటు, ఇసుక ముద్ద) కలపడం, బాక్సులు మోయడమే తప్ప కటింగ్ మెషిన్ ముట్టుకోనీయడం లేదని దిగులుగా ఉన్నావట. తొందరపడొద్దు నాయనా. కోత త్వరగానే వస్తుంది. నేల మట్టం చూడటం రావడానికే టైం పడుతుంది, మేస్త్రీకి పేరొచ్చేది కూడా దానితోనే.

గదిలోకి పోగానే టైల్స్ విప్పొద్దు. ముందు ట్యూబ్ లెవల్ (నీళ్ళు నింపిన సన్నటి గొట్టం) పట్టి నాలుగు గోడల మీదా గీతలు వేసుకో. ట్యూబులో గాలిబుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది, తట్టి బుడగలు పోగొట్టాకే పట్టు. తర్వాత మూలమట్టం, అంటే గది మూల సరిగ్గా లంబంగా ఉందా అని చూడు. ఒక గోడ వెంట 3 అడుగులు, పక్క గోడ వెంట 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండింటి మధ్య టేపు పట్టు. సరిగ్గా 5 అడుగులు రావాలి. పాత ఇళ్ళలో చాలాసార్లు రాదు. అప్పుడు గోడను నమ్మకుండా దారం కట్టి దాని వెంబడే పరుచుకుంటూ పో. గడప దగ్గర నిండు టైలు రావాలి, ముక్కలు బీరువా వెనక్కి పోవాలి.

తిరుపతిలో లాడ్జి పనులు ఎక్కువ. యాత్రికులు అర్ధరాత్రీ అపరాత్రీ స్నానాలు చేస్తూనే ఉంటారు, ఆ బాత్రూములు ఆరే పని లేదు. నీళ్ళు పోయే జాలీ వైపు అడుగుకు 3 మిల్లీమీటర్లయినా వాటం (వాలు) ఉండాలి. పని అయ్యాక బకెట్ నీళ్ళు పోసి, ఎక్కడా నిలవడం లేదని చూశాకే బయటికి రా.

గోడ సిరామిక్ టైల్ని మాలు మీద పెట్టేటప్పుడు ముందు నానబెట్టాలి. గట్టిగా కాల్చిన విట్రిఫైడ్ టైల్‌కు అక్కర్లేదు, అది అర శాతం నీళ్ళు కూడా పీల్చదు. అందుకే ఉత్త సిమెంట్ పాలు దాన్ని సరిగా పట్టవు. ఓనరు ఖర్చని గొణిగినా అడ్హెసివ్ (టైల్స్ అతికించే జిగురు) తెప్పించమని చెప్పు. నాలుగు మూలల్లో నాలుగు ముద్దలు పెట్టి అతికించే పని మాత్రం ఎవరు నేర్పినా నేర్చుకోకు. మధ్యలో డొల్ల ఉండిపోయి, బరువైనదేదైనా పడితే పగులుతుంది. ఆరాక ప్రతి టైల్నీ తట్టి చూడు, డొల్ల శబ్దం వస్తే లేపి మళ్ళీ వేయాల్సిందే.

బాక్సుల మీద షేడ్, బ్యాచ్ నంబర్లు ఒకటేనా అని చూసుకో. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే టైల్స్ సరుకు రెండోసారి తెప్పిస్తే అదే రంగు వస్తుందన్న గ్యారంటీ లేదు.

గ్రానైట్ కోసేటప్పుడు ఆ దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరిందంటే వచ్చే జబ్బును నయం చేసే మందు లేదు. నీళ్ళు పడుతూ కోయాలి, షాక్ కొట్టకుండా మెషిన్ వైరుకు అతుకులు ఉండకూడదు. ముఖానికి తువ్వాలు చాలదు, ఎన్95 మాస్క్ కొనుక్కో. మోకాళ్ళకు ప్యాడ్లు ఇప్పటినుంచే కట్టు. నా ఈడు మేస్త్రీలు కింద కూర్చుంటే లేవలేకపోతున్నారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పనికి పోయిన రోజులు నోటుబుక్కులో రాసుకో. 18 ఏళ్ళు నిండి, ఏడాదిలో 90 రోజులు భవన నిర్మాణ పని చేసినవాళ్ళు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. నువ్వు తప్పకుండా రాయించుకో.

ఈ వారం మేస్త్రీని అడిగి ఒక్క గదికి నువ్వే మట్టం గీతలు వేయి. ఫోటో పంపు, చూసి చెబుతాను.

ఇట్లు
మీ మామ, చిత్తూరు