కొద్దిమంది, కొద్దిమందే

అమ్మాయీ, ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇంగ్లీషు మాక్ టెస్ట్ పేపరు చూశాను. పోయిన మార్కులన్నీ చిన్న మాటల దగ్గరే పోయాయి.

ఫ్యూ, ఎ ఫ్యూ రెంటికీ ‘కొందరు’ అనే రాశావు. ఈ తేడా మన ‘ఏ’కారంలో ఉంది. ‘పెళ్లికి కొద్దిమంది వచ్చారు’ అంటే వచ్చినవాళ్ల సంగతి, అది ఎ ఫ్యూ. ‘కొద్దిమందే వచ్చారు’ అన్నామా, మనసంతా రానివాళ్ల మీదే, అది ఫ్యూ. లిటిల్‌ కూడా అంతే. ‘దేర్ ఈజ్ ఎ లిటిల్ మిల్క్’ అంటే ఒక కాఫీకి వస్తాయి. ‘దేర్ ఈజ్ లిటిల్ మిల్క్’ అంటే ఎవరో ఒకరు పాల ప్యాకెట్టుకు బయల్దేరాలి. ముందు ‘ఓన్లీ’ ఉంటే మాత్రం ‘ఎ’ వదలకు: ‘ఓన్లీ ఎ ఫ్యూ’. ‘క్వైట్ ఎ ఫ్యూ’ అంటే చాలామందే అని. దీనికి తర్కం వెతక్కు, కంఠతా పట్టు.

ఫ్యూ పెట్టాలా, లిటిల్ పెట్టాలా? తెలుగు మనుషులకు కొందరు, మిగతావాటికి కొన్ని అంటుంది. ఇంగ్లీషుకు ఆ పట్టింపు లేదు, లెక్కకు వస్తుందా రాదా అన్నదే చూస్తుంది. వస్తే ఫ్యూ, మెనీ. రాకపోతే లిటిల్, మచ్. చిక్కల్లా ఫర్నిచర్, లగేజ్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్ లాంటివాటితోనే. మూడు పెట్టెలు కళ్లెదురుగా ఉన్నా ‘త్రీ లగేజెస్’ చెల్లదు, ‘త్రీ పీసెస్ ఆఫ్ లగేజ్’ అనాలి. డబ్బూ ఇంతే: ‘హౌ మెనీ రుపీస్’, కానీ ‘హౌ మచ్ మనీ’.

రెండే ఉన్నచోట ఎవ్రీ పనికిరాదు. గాజులు ‘ఆన్ ఈచ్ హ్యాండ్’ వేసుకుంటాం. ‘ఈచ్ ఆఫ్ ద బాయ్స్’ సరే, ‘ఎవ్రీ ఆఫ్ ద బాయ్స్’ తప్పు, మధ్యలో ‘వన్’ పడాలి. ‘అందరూ ఉన్నారు’ అనే అలవాటుతో ‘ఎవ్రీవన్ ఆర్’ అని మూడుచోట్ల రాశావు. అక్కడ ‘ఈజ్’ రావాలి. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ కూడా కొట్టేశాను. గుంపులోంచి ఒకరిని తీస్తున్నావు కాబట్టి గుంపుకు బహువచనం, క్రియ ఆ ఒక్కరిది: ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్’.

అనదర్‌లో ఒక్కదానికే వాడే ‘యాన్’ దాగి ఉంది, అందుకే ‘అనదర్ బుక్స్’ అనరు. ‘అనదర్ టూ డేస్’ మాత్రం సరైనదే. ఆ రెండు రోజులూ కలిపి ఒక్క గడువు.

ఇట్స్‌కు అపాస్ట్రఫీ, అంటే అక్షరం పైన పెట్టే కామా, పెట్టేముందు ‘ఇట్ ఈజ్’ అనో ‘ఇట్ హ్యాజ్’ అనో విడదీసి చదువు. అతికితే పెట్టు. ‘ద డాగ్ వ్యాగ్డ్ ఇట్స్ టెయిల్’లో అతకదు. హిజ్‌కు లేని అపాస్ట్రఫీ దీనికెందుకు? హూజ్‌కూ ఇదే పరీక్ష, ‘హూ ఈజ్’, ‘హూ హ్యాజ్’ పెట్టి చూడు.

‘ఏ ఒక్కరూ కాదు’ అనే మాట పెట్టాల్సిన పన్నెండో ప్రశ్న వదిలేశావు. ముగ్గురో నలుగురో అయితే ‘నన్’ వచ్చేది. అక్కడున్నది ఇద్దరన్నదమ్ములే, కాబట్టి ‘నైదర్’.

మీ పెదనాన్న