బీఫార్మసీ మూడో ఏడాది: ఆ 150 గంటల ట్రైనింగ్ ఎక్కడ, ఎలా?

ప్రశ్న: మాది సూర్యాపేట. మా అమ్మాయి హైదరాబాద్ శివారులోని ఒక ప్రైవేటు కాలేజీలో బీఫార్మసీ మూడో ఏడాది చదువుతోంది. ఆరో సెమిస్టర్ అయ్యాక ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఎవరికి వారే చూసుకోమన్నారట. సీనియర్లు చాలామంది ఉద్యోగాల్లేక ఖాళీగా ఉన్నారు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు 25,000 కడితే కంపెనీ సర్టిఫికెట్, ఆ తర్వాత ఉద్యోగం కూడా ఇప్పిస్తామంటున్నారు. కట్టమంటారా? అమ్మాయిని ఫ్యాక్టరీకి పంపాలన్నా భయంగానే ఉంది.

జవాబు: కట్టకండి. ఎంత బతిమాలినా, ఆఖరి రెండు సీట్లే ఉన్నాయన్నా కట్టకండి. ఒరిజినల్ మార్కుల మెమోలు అసలే ఇవ్వకండి.

పని చేయకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తేలిపోతుంది. నాలుగు వారాలు టాబ్లెట్ల యూనిట్‌లో ఉన్నానని చెబితే, ఫ్రైబిలిటీ పరీక్ష (డ్రమ్ములో తిప్పితే టాబ్లెట్ ఎంత పొడి రాలుతుందో చూసేది) ఎలా చేశారని అడుగుతారు. నిమిషానికి 25 చుట్ల చొప్పున 4 నిమిషాలు తిప్పాలి, బరువు తగ్గుదల 1 శాతం దాటకూడదు అని పుస్తకం చదివినవాళ్లెవరైనా చెబుతారు. ‘దాటినప్పుడు అక్కడ ఏం చేశారు?’ అన్నది రెండో ప్రశ్న. గ్రాన్యూల్స్‌లో తేమ చూశారా, కంప్రెషన్ ఫోర్స్ మార్చారా, డీవియేషన్ (తేడా వచ్చిందన్న నమోదు) ఎవరు రాశారు అన్నది అక్కడ నిలబడి చూసినవాళ్లకే తెలుస్తుంది. ఉద్యోగాలు తక్కువగా ఉన్న రోజుల్లో కంపెనీలు వడపోసేది ఇక్కడే.

ఫార్మసీ కౌన్సిల్ నిబంధనల్లో ఈ ట్రైనింగ్ ఆరో సెమిస్టర్‌కూ ఏడో సెమిస్టర్‌కూ మధ్య వస్తుంది. నాలుగు వారాల్లో కనీసం 150 గంటలు చేయాలి. ఫార్మా పరిశ్రమే కానక్కర్లేదు, ఆసుపత్రిలోనూ చేయొచ్చు. చాలామంది విద్యార్థులు ఈ మాట పట్టించుకోక, పెద్ద కంపెనీలకు మెయిళ్లు పెట్టి జవాబు కోసం ఎదురుచూస్తూ సెలవులు పోగొట్టుకుంటారు. పెద్ద కంపెనీలు ఎక్కువగా తమతో ఒప్పందం ఉన్న కాలేజీల నుంచే తీసుకుంటాయి. ఒకవేళ తీసుకున్నా, నాలుగు వారాల కోసం వచ్చినవాళ్లను తయారీ గదుల్లోకి రానివ్వడం అరుదు.

మీ భయాన్నీ దూరాన్నీ లెక్కలోకి తీసుకుంటే నేను మొదట ఆసుపత్రి ఫార్మసీనే చూడమంటాను. 100 పడకలు దాటిన ఆసుపత్రి అయితే మంచిది. ఎన్‌ఏబీహెచ్ నాణ్యత గుర్తింపు ఉంటే ఇంకా మేలు, అక్కడ ప్రతిదానికీ రిజిస్టర్ ఉంటుంది. వార్డుల నుంచి వచ్చే ఇండెంట్లు (మందులు కావాలని పంపే చీటీలు), వాడకుండా తిరిగొచ్చిన మందులు, గడువు దగ్గరపడిన స్టాకును ముందు పంపే పద్ధతి, ఇన్సులిన్ లాంటివి ఉంచే ఫ్రిజ్‌కు 2 నుంచి 8 డిగ్రీల ఉష్ణోగ్రత లాగ్, పేర్లు ఒకేలా ఉండే మందులను వేర్వేరు అరల్లో పెట్టడం, ఇవన్నీ చేతులతో నేర్చుకునే పనులు. హెచ్‌ఆర్‌ని కాకుండా నేరుగా ఫార్మసీ ఇన్‌ఛార్జిని కలవండి. ఉదయం ఓపీ రద్దీలో వెళితే మొహం కూడా చూడరు. మధ్యాహ్నం రెండు దాటాక వెళ్లండి.

మీ ఊళ్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది కదా. ఫార్మకాలజీ విభాగానికి వెళ్లి, ఏడీఆర్ (మందుల దుష్ప్రభావాల) మానిటరింగ్ సెంటర్ నడుస్తోందా, నడుస్తుంటే కొన్ని రోజులు కూర్చోనిస్తారా అని అడగండి. మందుల దుష్ప్రభావాల నివేదికలు అలాంటి సెంటర్ల నుంచి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కు వెళతాయి. ఒక రిపోర్టు చెల్లాలంటే నాలుగు ఉండాలి: రోగి, రిపోర్టు చేసినవారు, అనుమానిత మందు, జరిగిన రియాక్షన్. ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలపై నిఘా) ఉద్యోగాలకు ఇంటర్వ్యూల్లో మొట్టమొదట అడిగేది ఇదే. పది ఫారాలు నింపడం చూసిన అమ్మాయి, వేలు పోసి ఆన్‌లైన్ కోర్సు చేసినవారికంటే తడబడకుండా చెబుతుంది.

మెడికల్ షాపును తక్కువగా చూడకండి, కానీ షాపును జాగ్రత్తగా ఎంచుకోండి. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు నిజంగా కౌంటర్లో కూర్చునే షాపు కావాలి. గోడకు సర్టిఫికెట్ వేలాడుతూ మనిషి కనపడని చోట మీ అమ్మాయిని ఒంటరిగా కౌంటర్లో నిలబెడతారు. చదువుతున్నవాళ్లు పర్యవేక్షణ లేకుండా చీటీ చూసి మందులివ్వడం చట్టవిరుద్ధం. మంచి షాపులో షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ (కొన్ని యాంటీబయాటిక్స్ లాంటి మందుల అమ్మకాలు రాసే పుస్తకం) రాయడం నేర్చుకోవచ్చు. డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం రాసి మూడేళ్లు భద్రపరచాలి. ఇక్కడి పని కూడా డైరీలో రాసుకోవాలి. అయితే షాపులో చేసిన గంటలు ట్రైనింగ్ కింద లెక్కిస్తారా అన్నది ముందే ప్రిన్సిపాల్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

అమ్మాయికి తయారీ రంగమే ఇష్టమైతే జీడిమెట్ల, చర్లపల్లి, నాచారంలలోని చిన్న ఫార్ములేషన్ (టాబ్లెట్లు, సిరప్‌ల లాంటివి తయారుచేసే) యూనిట్లను అడగండి. ఇప్పుడు వాళ్లకు ఒక అవసరం ఉంది. 2023 డిసెంబరులో షెడ్యూల్ ఎం (మందుల తయారీ ప్రమాణాల నిబంధనలు) మారింది. ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చేయాలో రాసిన పత్రాలు), లాగ్‌బుక్కులు, వ్యాలిడేషన్ కాగితాలు చిన్నవాళ్లూ పక్కాగా పెట్టాలి. చేతిరాత బాగుండి, ఎక్సెల్ వచ్చి, క్యూఏ (నాణ్యత హామీ) విభాగంలో కాగితాల పనికి సాయం చేస్తానంటూ వచ్చే విద్యార్థి వాళ్లకు బరువు కాదు. అందుకే ‘ఏ విభాగమైనా సరే’ అని రాయకూడదు. కాలేజీ లెటర్‌హెడ్‌పై అర పేజీ చాలు: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, రోజుకు ఎన్ని గంటలు, క్యూసీనా (నాణ్యత పరీక్షలు) క్యూఏనా, బాధ్యత వహించే లెక్చరర్ ఫోన్ నంబరు, స్టైపెండ్ అడగడం లేదన్న మాట. పరీక్షలకు రెండు నెలల ముందే పదిహేను ఇరవై చోట్ల ఇవ్వాలి. మెయిల్ పెట్టి వదిలేయకుండా వారంలో ఫోన్ చేయాలి. రెండు బ్యాచ్‌ల ముందు పాసైన సీనియర్లు, లెక్చరర్లతో ఎంఫార్మసీ చదివినవాళ్లు ఏ యూనిట్లలో ఉన్నారో కనుక్కుంటే సగం దారి అక్కడే దొరుకుతుంది.

చేరాక ఒకటి గట్టిగా చెప్పండి: చిత్తు కాగితం మీద రీడింగ్ రాసి తర్వాత ఎక్కించకూడదు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేయాలి, వైట్‌నర్ ముట్టకూడదు. ఫోన్లో ఫొటోలు తీయకూడదు, బ్యాచ్ కాగితాలు బయటికి తేకూడదు. వీటిలో ఏ ఒక్క తప్పు చేసినా మధ్యలోనే పంపించేస్తారు, ఆ తర్వాత మీ కాలేజీ పిల్లలెవరినీ రానివ్వరు.

భద్రత గురించి మీ భయం న్యాయమైనది. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో, 2025 జూన్‌లో పాశమైలారంలో ఫార్మా ఫ్యాక్టరీల పేలుళ్లలో ఏం జరిగిందో అందరం చూశాం. సాల్వెంట్లు, రియాక్టర్లు ఉండే బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్రొడక్షన్ బ్లాకుకు ట్రైనీగా పంపకండి. ల్యాబ్, క్యూఏ, ప్యాకింగ్ వరకే ఒప్పుకోండి. మొదటి రోజు సేఫ్టీ ఇండక్షన్ ఉందా, కళ్లద్దాలు, షూ ఇస్తారా, జనరల్ షిఫ్టేనా, బస్సు ఉందా అని మీరే ఫోన్ చేసి అడగండి. రాత్రి షిఫ్టు అంటే వద్దనండి.

రోజూ సాయంత్రం నాలుగు వరుసలు డైరీ రాయించండి: ఏం చేసింది, ఏ పరికరం, ఏ లిమిట్, ఏం తేడా వచ్చింది. ఇంటర్వ్యూ ముందు రోజు చదవాల్సింది అదే. సర్టిఫికెట్‌లో తేదీలు, మొత్తం గంటలు, విభాగం, సంతకం పెట్టినవారి హోదా ఉన్నాయో లేదో ఆఖరి రోజే చూసుకోవాలి. ‘సంతృప్తికరంగా పనిచేసింది’ అని మాత్రమే రాసిస్తే మర్యాదగా మార్చి ఇవ్వమని అడగాలి.

పాసయ్యాక రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించండి, కేంద్రం నడిపే నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో అప్రెంటిస్‌షిప్‌కు దరఖాస్తు పెట్టించండి. స్టైపెండ్‌లో కొంత ప్రభుత్వమే భరిస్తుంది కాబట్టి చిన్న కంపెనీలూ ముందుకొస్తాయి. అప్పుడే ఎవరో ఒకరు వచ్చి, ఫార్మసిస్టు సర్టిఫికెట్ మా షాపుకు అద్దెకివ్వండి, నెలనెలా డబ్బిస్తామంటారు. ఒప్పుకోవద్దు. తనిఖీలో ఆ షాపులో ఏ తేడా దొరికినా కాగితం మీద ఉండేది మీ అమ్మాయి పేరు. మరోచోట ఉద్యోగం చేస్తుంటే, ఒకే సమయంలో రెండు చోట్ల ఉన్నట్టు రికార్డులో దొరికిపోతుంది.