అత్తగారింట్లో మాజాంగ్: నాలుగో మనిషిగా కూర్చోవాల్సి వస్తే

ప్రశ్న: సింగపూర్‌లో ఉంటున్నాం. మావారు చైనీయులు. ఆదివారాలు అత్తగారు నన్ను బిళ్ళలతో ఆడే చైనా ఆట మాజాంగ్‌కి కూర్చోబెడతారు. నెమ్మదిగా ఆడతానని విసుక్కుంటారు, డబ్బూ పోతోంది. రానంటే ముఖం ముడుచుకుంటారు. మామగారితో మాటలే ఉండవు. ఏం చేయను?

జవాబు: పేకాటలో ఒకరు లేచినా మిగతావాళ్లు ఆడుకుంటారు. మాజాంగ్‌కి నలుగురూ ఉండాలి కనుక మీరు రానంటే ఆవిడకు ఆ పూట ఆటే లేదు. మధ్యలో లేస్తే ఇంకా కష్టం. అందుకే గంటల లెక్క వద్దు, చుట్ల లెక్క చెప్పండి. పూర్తి ఆటంటే నాలుగు దిక్కుల చుట్లు, కనీసం 16 పంపకాలు. బ్యాంకర్ (ఆ పంపకంలో ముందు ఆడేవారు) గెలిస్తే తనే కొనసాగుతారు, అలా ఇంకా పెరుగుతాయి. తూర్పు, దక్షిణం చుట్లు మీరు, తర్వాత మీవారు ఆడేలా ఇంట్లోనే అనుకుని వెళ్లండి.

మీ నెమ్మదికి కారణం బహుశా బిళ్ళల మీది అక్షరాలే. చుక్కలూ వెదుళ్లూ లెక్కపెట్టుకోవచ్చు. పక్షి బొమ్మది సాధారణంగా ఒకటో వెదురు. మూడో రకం మీద చైనా అంకెలుంటాయి. ఆ తొమ్మిదీ, నాలుగు దిక్కులూ కలిపి 13 అక్షరాలు రోజుకు రెండేసి నేర్చుకోండి. ఇక పాంగ్ (ఒకేలాంటి మూడు బిళ్ళలు) ఎవరు పడేసిన బిళ్ళకైనా చెప్పొచ్చు, కానీ తర్వాతివారు కొత్త బిళ్ళ తీసేలోపే. చౌ (ఒకే రకంలో వరుస అంకెల మూడు బిళ్ళలు) మీ ఎడమవైపువారు పడేస్తేనే. చేతిలోని జతలు ముందే చూసుకుంటే తడబాటు తగ్గుతుంది.

డబ్బు సంగతి బల్ల దగ్గర కూర్చోకముందే అడగండి. పది సెంట్లతో మొదలై, తాయ్ అనే ఒక్కో పాయింటుకీ రెట్టింపయ్యే ఆటలో ఐదు తాయ్‌లకు ఓడినవారు ఒక్కొక్కరూ కట్టేది 1.60 డాలర్లు. గెలిపించే బిళ్ళ పడేసినవారు కట్టేది 3.20. పడేసినవారే అందరి వాటా కట్టే ఇళ్లలో అది 6.40 అవుతుంది, కొత్తవాళ్లు మునిగేది అక్కడే. ఆ పద్ధతి వద్దని మీవారి చేత చెప్పించండి. ఆట చివర్లో గెలుపు ఆశ లేకపోతే, ఇప్పుడే ఇతరులు పడేసిన బిళ్ళలాంటిదే పడేయండి. అత్తగారు అప్పుచేసి ఆడుతుంటే మాత్రం అది వేరే సమస్య, మాట్లాడాల్సింది ఆవిడ కొడుకు.

మామగారికి చైనా చదరంగం వస్తే నేర్పమని అడగండి. మాటలు తక్కువైనా సాగే ఆట అది. మన ఏనుగులా నడిచేది అక్కడ రథం. అక్కడి ఏనుగు ఐమూలగా రెండు గళ్లు వెళ్తుంది, పలక మధ్యనున్న ‘నది’ దాటదు. గుర్రాన్ని పక్క పావు అడ్డగిస్తుంది. ఫిరంగి ఒక పావు మీదుగా దూకితేనే చంపగలదు. ఎత్తు వేయడానికి దారి లేకపోతే డ్రా కాదు, ఓటమే. మొదట్లో ఆయన్ను ఒక రథం తీసేసి ఆడమనండి, ముందు ఎత్తు వేసే ఎర్ర పావులు మీరు తీసుకోండి.