అప్పు ముడి ముందు, దస్తావేజు ముడి తర్వాత

నెల్లూరు

అమ్మణ్ణీ, ఆశీస్సులు.

పొదలకూరు రోడ్డు ఫ్లాటు గురించి నువ్వు రాసింది చదివాను. దస్తావేజులో ఇద్దరి పేర్లున్నాయి, హౌసింగ్ లోనులో ఇద్దరి సంతకాలున్నాయి, పెళ్లి మాత్రం కాలేదు. అతను బెంగుళూరు వెళ్లిపోయి పది నెలలయింది, ఫ్లాటు నువ్వే ఉంచుకోవాలనుకుంటున్నావు. తప్పెవరిదని నేను అడగను. సబ్ రిజిస్ట్రారూ అడగడు.

పెళ్లయినవాళ్లకయితే ఫ్యామిలీ కోర్టుంది, ఆస్తి తగాదా కూడా అక్కడే పెట్టుకోవచ్చు. మీకు ఆ గుమ్మం లేదు. చట్టం లెక్కలో మీరు ఒక ఆస్తికి ఇద్దరు హక్కుదారులు, ఒక అప్పుకు ఇద్దరు బాకీదారులు. ఇవి రెండు వేరే ముళ్లు. ఒకటి విప్పినంత మాత్రాన రెండోది ఊడదు. చాలామంది దస్తావేజు రాసేసుకుని పని అయిపోయిందనుకుంటారు. బ్యాంకు పుస్తకంలో పేరు అలాగే ఉండిపోతుంది.

ముందు ఈసీ (ఆస్తి మీద ఉన్న అప్పులు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించు, తర్వాత సేల్ డీడ్ నిదానంగా చదువు. ఎవరి వాటా ఎంతో అందులో రాసి ఉంటే అదే లెక్క. రాయకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ ప్రకారం, ఎవరు ఎంత డబ్బు పెట్టారో ఆ నిష్పత్తిలో వాటా. ఆధారం చూపలేకపోతే చెరి సగం. అందుకే అడ్వాన్సు ఇచ్చిన రోజు నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్లు తెచ్చుకో. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఎవరి ఖాతాలోంచి పోయాయి, ఈఎంఐ ఎవరి ఖాతాలోంచి కట్ అయింది, అన్నీ కావాలి. చేతికిచ్చిన డబ్బు రుజువు కావడం కష్టం.

ఇంకో మాట. "డబ్బంతా నాదే, పేరు మాత్రం అతనిది కూడా వేశాం" అని వకీలును అడగకుండా ఎక్కడా రాయొద్దు, వాట్సాప్‌లో కూడా. భార్యాభర్తల పేరిట, పిల్లల పేరిట కొనడానికి బినామీ చట్టంలో మినహాయింపు ఉంది. కలిసి ఉంటున్నవాళ్లకు లేదు.

ధర తేల్చడానికి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు మార్కెట్ వాల్యూ సరిపోదు, అది స్టాంపు డ్యూటీ కోసం. రిజిస్టర్డ్ వాల్యూయర్ చేత రిపోర్టు రాయించండి, ఫీజు ఇద్దరూ సగం సగం పెట్టుకోండి. దళారి అంకణం రేటు చెబితే గజాల్లోకి మార్చుకో. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు 36 అడుగులే, అక్కడి రేటు విని కంగారు పడొద్దు.

లెక్క ఇలా వేయండి. ఫ్లాటు 60 లక్షలు, మిగిలిన లోను 24 లక్షలు అనుకుందాం. చేతికొచ్చేది 36, వాటాలు సగం సగం అయితే అతనికి 18. అతను వెళ్లాక పది నెలలు నెలకు 26,000 చొప్పున నువ్వొక్కదానివే కట్టావు, మొత్తం 2.6 లక్షలు. అందులో అతని సగం 1.3 లక్షలు తగ్గించు. ఈ పది నెలలూ ఇంట్లో నువ్వే ఉన్నావు కాబట్టి అతను అద్దె మాట ఎత్తుతాడు. అతన్ని రానివ్వకుండా చేస్తే తప్ప చట్టప్రకారం మామూలుగా అద్దె బాకీ పడదు. అయినా 12,000 అద్దెలో సగం చొప్పున 60,000 ఒప్పుకుంటే బేరం త్వరగా తెగుతుంది. అప్పుడు ఇవ్వాల్సింది 17.3 లక్షలు. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. అది ఒప్పుకున్నదానికి గుర్తు మాత్రమే, హక్కు మార్చదు.

ఇప్పుడు బ్యాంకుకు వెళ్లు. నీ ఒక్కదాని జీతం మీద 24 లక్షలు నిలుస్తాయా, అతని పేరు తీసేస్తారా అని రాతపూర్వకంగా అడుగు. నిలవకపోతే మీ నాన్నను కో-అప్లికెంటుగా చేర్చుకో, లేదా వేరే బ్యాంకుకు లోను మార్చు. ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి లోనుకు ముందస్తు చెల్లింపు జరిమానా లేదు. బ్యాంకు ఒప్పుకోనిదే అతను దస్తావేజు మీద సంతకం పెట్టనంటే కోపం తెచ్చుకోకు, అతని జంకు న్యాయమైనదే. వాటా వదిలేసినా అప్పులో పేరుంటే నువ్వు తప్పిన ప్రతి కిస్తీకీ అతని సిబిల్ స్కోరు, అంటే అప్పిచ్చే ముందు బ్యాంకులు చూసే మార్కు, పడిపోతుంది. 90 రోజులు కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ, అవుతుంది, ఆ తర్వాత బాకీ కట్టమని 60 రోజుల నోటీసు ఇద్దరికీ వస్తుంది.

బ్యాంకు సరేనన్నాకే హక్కు విడుదల దస్తావేజు, అంటే అతను తన వాటా నీకు వదిలేస్తూ రాసిచ్చేది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ చేయించుకున్నది చెల్లదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కుటుంబ సభ్యుల రాయితీ రేటు మీకు రాదు. సేల్ డీడ్ అయితే మన రాష్ట్రంలో డ్యూటీ, ఫీజులన్నీ కలిపి 7.5 శాతం. విడుదల దస్తావేజుకు ఎంతవుతుందో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కుని, ఏది మేలో అప్పుడు తేల్చుకో. డబ్బు ఆర్‌టీజీఎస్‌లోనో డీడీలోనో ఇచ్చి ఆ నెంబరు దస్తావేజులో రాయించు. ఆస్తి లావాదేవీలో 20,000 గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడుతుంది. సంతకం పెట్టిన నాలుగు నెలల్లోగా రిజిస్ట్రేషన్‌కు పెట్టాలి.

"డబ్బేం వద్దు, నువ్వే ఉంచుకో" అని అతను మంచితనం చూపిస్తే అక్కడా ఒక గుంట ఉంది. ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో అతను నీకు బంధువు కాడు. ఉచితంగా వచ్చిన వాటా స్టాంపు విలువ 50,000 దాటితే అదంతా నీ ఆదాయం కింద పన్నుకొస్తుంది. బాగా తక్కువకు రాయించుకున్నా ఇదే గొడవ. డబ్బు తీసుకుంటే అతనికి మూలధన లాభం పన్ను పడుతుంది. కొని 24 నెలలు దాటి ఉంటే 12.5 శాతం.

మాట కుదరకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలునిస్తారు, లోక్ అదాలత్ అవార్డుకు కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. అదీ కాకపోతే పార్టిషన్ దావా, అంటే వాటాలు పంచమని కోర్టులో వేసేది. ఫ్లాటును గోడ కట్టి పంచలేరు కాబట్టి, సగం వాటా ఉన్నవాళ్లు అడిగితే 1893 నాటి విభజన చట్టం కింద కోర్టు అమ్మకానికి పెట్టవచ్చు. అప్పుడు కోర్టు కట్టిన విలువకు ఆ వాటా కొనుక్కునే హక్కు రెండోవాళ్లకుంది. స్వాధీనంలో ఉండి దావా వేస్తే ఫీజు నామమాత్రం. స్వాధీనం పోయాక వేస్తే వాటా విలువను బట్టి కట్టాలి. అందుకే ఇల్లు ఖాళీ చేయొద్దు, తాళమూ మార్చొద్దు. అతను తాళం మారిస్తే 2005 గృహహింస చట్టం పెళ్లిలాంటి సహజీవనంలో ఉన్న ఆడదానికీ ఆ ఇంట్లో ఉండే హక్కు ఇస్తుంది. ఉండే హక్కే సుమా, సొంతం చేసేది కాదు.

నానబెట్టకు. ఈలోగా అతనికేమన్నా అయితే ఆ వాటా నీకు రాదు, అతని వారసులకు పోతుంది. అప్పుడు వాళ్ల అమ్మతో బేరమాడాలి.

రిజిస్ట్రేషన్ అయ్యాక కార్పొరేషన్‌లో ఇంటిపన్ను, ఏపీఎస్పీడీసీఎల్ కరెంటు సర్వీసు, కుళాయి, అపార్ట్‌మెంట్ సంఘం లెక్కలు నీ పేరుకు మార్పించు. లోను ఇన్సూరెన్సులో నామినీ ఎవరున్నారో కూడా చూసుకో.

ఈసీ, సేల్ డీడ్ జిరాక్సులు పంపు. షెడ్యూలులో అవిభాజ్య వాటా (అపార్ట్‌మెంట్ స్థలంలో మీ ఫ్లాటుకు వచ్చే భాగం) ఎన్ని గజాలు రాశారో ఓసారి చూస్తాను.

ఇట్లు,
పెదనాయన