ప్లగ్గు పీకేసి ఇంటికొచ్చేదాన్ని

పెరంబూరు,
చెన్నై.

చి. సౌ. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంట్లో వైఫై తీసేద్దామనుకుంటున్నానని, మేం ఎలా తీసేశామో చెప్పమని అడిగావు. మొన్న మీ వేళచ్చేరి ఫ్లాట్‌కి వచ్చినప్పుడే చెబుదామనుకున్నాను. నువ్వు మీటింగులో, అల్లుడు టీవీలో, పిల్లాడు ట్యాబ్‌లో ఉంటే బాల్కనీలో మీ కరివేపాకు మొక్కతో కాసేపు మాట్లాడి వచ్చేశాను.

రేడియేషన్‌కు భయపడి తీసేయకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో రేడియో తరంగాలను '2బి' వర్గంలో పెట్టింది. అంటే అనుమానం కొట్టేయలేం కానీ రుజువు చాలదని అర్థం. రౌటర్ శక్తి మామూలుగా 0.1 వాట్ చుట్టుపక్కల ఉంటుంది, పైగా అది ఎక్కడో గోడమీద. ఫోనైతే చెంపకే ఆనించుకుంటాం. అంత అనుమానముంటే ఫోన్లో స్టార్, హ్యాష్, 07, హ్యాష్ నొక్కి శార్ విలువ, అంటే ఫోన్ తరంగాల శక్తిని ఒళ్ళు ఎంత పీల్చుకుంటుందన్న లెక్క, చూసుకో. మన దేశంలో అది కిలోకు 1.6 వాట్లు దాటకూడదు. రేడియేషన్ ఆపుతుందని ఎవరైనా స్టిక్కర్ అమ్మజూపితే, ఆ డబ్బుతో మల్లెపూలు కొనుక్కో.

నేను తీసేసింది వేరే కారణానికి. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఊళ్ళ మధ్య కాల్స్ కలిపే ట్రంక్ బోర్డులో పనిచేసిన రోజుల్లో నెత్తిన హెడ్‌సెట్, దాని తీగ చివర ప్లగ్గు. అర్జెంట్ కాల్, అంతకన్నా తొందరదైన లైట్నింగ్ కాల్, ఫలానా మనిషినే పిలవమనే పీపీ కాల్ అంటూ ఎనిమిది గంటలు చెవి వాచిపోయేది. డ్యూటీ దిగగానే ప్లగ్గు పీకి, హెడ్‌సెట్ పెట్టెలో పెట్టి బస్సెక్కేదాన్ని. ఆ తర్వాత తిరుపతి నుంచి కాల్ అడిగినవాళ్ళు ఎంత అరిచినా నాకు వినపడదు. మీ పెదనాన్న రిటైరయ్యాక కూడా అర్ధరాత్రి రెండింటికి దుప్పట్లో ఫోన్ పెట్టుకుని వార్తలు చూస్తుంటే నాకు ఆ ప్లగ్గే గుర్తొచ్చింది. ఈయనకు పీకడానికి తీగే లేదు!

ఇక పని సంగతి. ఫైబర్ వచ్చే పెట్టె మీ గుమ్మం పక్కనే ఉంది కదా. అక్కణ్ణుంచి నీ ఆఫీసు టేబుల్‌కి ఒకటి, టీవీకి ఒకటి వైరు లాగిస్తే చాలు. పడగ్గదిలోకి లాగించకు, అసలు కిటుకు అదే. రిచీ స్ట్రీట్‌లో క్యాట్ 6 కేబుల్ అడుగు. ఒక్కో వైరు వంద మీటర్ల దాకా పనిచేస్తుంది, మీ ఫ్లాట్‌కి ముప్పై సరిపోతాయి. కొనేముందు లోపలి తీగను బ్లేడుతో గీకమను. తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వద్దని వచ్చెయ్. నేను మొదట అదే కొని మోసపోయాను. నెలలోపే టీవీ దగ్గర తెగింది.

కరెంటు వైర్లున్న పైపులోంచి మాత్రం దీన్ని లాగనివ్వకు. గోడ అంచున ప్లాస్టిక్ పట్టీ వేయించు, లేకపోతే పనిమనిషి తడిగుడ్డ పెట్టినప్పుడల్లా ఊడొస్తుంది. లాప్‌టాప్‌కి ఈ వైరు గుచ్చే లాన్ పోర్టు లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతుంది. టైప్-సి అడాప్టర్‌తో చాలా ఫోన్లకు కూడా ఆ వైరే తగిలించొచ్చు. పిల్లాడికి ట్యాబ్ కావాలంటే ఆ టేబుల్ దగ్గరే కుర్చీలో కూర్చుని చూడాలి. వీపు నొప్పెట్టగానే వాడే లేస్తాడు. మా మనవడు అరగంట కూడా కూర్చోలేదు.

వైర్లన్నీ పనిచేస్తున్నాయని చూసుకున్నాకే వైఫై ఆపు. రౌటర్ సెట్టింగ్స్‌లో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు వైఫైలుంటాయి, రెండూ ఆపాలి. నేను ఒకటే ఆపి నాలుగు రోజులు మురిసిపోయాను. పిల్లలు రెండో దాన్ని పట్టుకుని, నా ముందు అమాయకంగా కూర్చున్నారు.

ఇంకో చిక్కుంది. మీ ఫ్లాట్ లోపలి గదుల్లో సిగ్నల్ అంతంతమాత్రం. ఇప్పుడు మీ ఫోన్లు వైఫై కాలింగ్ మీద, అంటే టవర్ సిగ్నల్‌కి బదులు వైఫై ద్వారానే కాల్స్ వచ్చేలా, నడుస్తున్నాయేమో చూడు. అలాగైతే వైఫై తీసేసిన రోజు నుంచి బ్యాంకు వాళ్ళ కాల్ రాదు, పార్శిల్ అబ్బాయి కింద నుంచి అరవాల్సిందే. ముందు ఒక రోజంతా ఆపి చూసి అప్పుడు నిర్ణయించుకో. ఒకవేళ సిగ్నల్ బాగుందనుకో, అప్పుడు మొబైల్ డేటా అనే దొంగదారి ఉంటుంది. దానికి నా దగ్గర మందు లేదు. హాల్లో గుమ్మం దగ్గర స్టూలు వేశాను, రాత్రి తొమ్మిదికి ఫోన్లన్నీ దానిమీదే. మీ పెదనాన్న మొదటి వారం నీళ్ళు తాగే నెపంతో నాలుగుసార్లు లేచారు. ఇప్పుడు ఒక్కసారే లేస్తున్నారు, అది నిజంగా నీళ్ళకే.

కార్డ్‌లెస్ ఫోన్ కూడా తీసేసి తీగ ఫోన్ పెట్టుకున్నాం. ఫైబర్ పెట్టె వెనకే దానికో పోర్టు ఉంటుంది. కానీ పాత రాగి లైన్ లాంటిది కాదిది. 2016 డిసెంబర్ 12న వర్ధా తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. ల్యాండ్‌లైన్ ఎత్తితే మాత్రం డయల్ టోన్ మోగింది. దానికి కావలసిన 48 వోల్టులు ఎక్స్చేంజి బ్యాటరీల నుంచే వచ్చేవి మరి. ఇప్పుడు కరెంటు పోతే ఫైబర్ పెట్టె ఆరిపోతుంది, ఫోన్ కూడా మూగబోతుంది. చిన్న యూపీఎస్ ఒకటి తగిలించు. స్టూలు మీది సెల్‌ఫోన్లలో ఒకటి మాత్రం ఎప్పుడూ ఛార్జింగ్‌తో ఉండాలి.

చుట్టాలతో కాస్త నిష్టూరం తప్పదు. మీ నెల్లూరు మామయ్య కాళ్ళు కడుక్కోకముందే పాస్‌వర్డ్ అడిగాడు. లేదంటే, డబ్బులు కట్టలేదా అని జాలిపడ్డాడు. అన్నం తిన్నాక చేసేదేం లేక మీ తాతయ్య నాటి పొలం తగాదా మొదలుపెట్టాడు. రాత్రి పదకొండింటికి కూడా ఒడవలేదు.

ఆదివారం పిల్లాణ్ణి తీసుకుని రా. నా దగ్గర పది మీటర్ల కేబుల్ ముక్క, దాని చివర ప్లగ్గు బిగించే క్రింపింగ్ టూలు ఉన్నాయి. లోపలి తీగల రంగుల వరస ఇదీ: వైట్-ఆరెంజ్, ఆరెంజ్, వైట్-గ్రీన్, బ్లూ, వైట్-బ్లూ, గ్రీన్, వైట్-బ్రౌన్, బ్రౌన్. ఇది వాడికి నేర్పిస్తే మీ ఇంటి వైర్లకు ఆ ప్లగ్గు తలకాయలు వాడే బిగిస్తాడు. వచ్చేముందు ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చెయ్. పది రింగులదాకా పెట్టెయ్యకు, నేను వంటింట్లోంచి నడిచి రావాలి.

మీ పెద్దమ్మ