సంక్రాంతికి ఒకే గది ఇద్దరికి బుక్ అయిపోయింది, చానెల్ మేనేజర్ కొనాలా?

మీది రాజోలు వైపు నాలుగు గదుల హోమ్‌స్టే, రెండు బుకింగ్ యాప్‌లు, నేరుగా ఫోన్ చేసేవాళ్లు వేరు. పోయిన పండక్కి ఒకే గది ఇద్దరికి వెళ్లిపోయిందని రాశారు. చానెల్ మేనేజర్ అంటే అన్ని యాప్‌లలో గదుల లెక్కని ఒకేచోట నుంచి మార్చే సాఫ్ట్‌వేర్. నాలుగు గదులకి నెలనెలా డబ్బు కట్టి అదెందుకండీ? ముందు గదులు పంచుకోండి.

మాకు ఐదు గదులు, వశిష్ఠ గోదావరి గట్టున. మూడేళ్ల కిందట భోగి రోజు చీకటి పడ్డాక హైదరాబాద్ కారొకటి గేటు దగ్గర ఆగింది. వాళ్లు బుక్ చేసుకున్న గదిలో అప్పటికే విశాఖ వాళ్లు దిగి, స్నానాలు కూడా చేసేశారు. తప్పు నాదే. మధ్యాహ్నం తెలిసినాయన ఫోన్ చేస్తే "వచ్చేయండి" అన్నాను, యాప్‌లో గది మూయడం మర్చిపోయాను. అప్పుడు నేనున్నది పందేల బరి దగ్గర, ఇంకేం గుర్తుంటుంది! ఆ రాత్రి చుట్టుపక్కల ఎంత ఇస్తామన్నా గది దొరకలేదు. మా పడకగది వాళ్లకిచ్చేసి మేం నలుగురం వరండాలో దోమతెర కట్టుకుని పడుకున్నాం. డబ్బులు అడగడానికి మొహం చెల్లలేదు. అయినా ఒక్క స్టారే ఇచ్చి వెళ్లారు.

అప్పటినుంచి దాళ్వాకి కాలువ నీళ్లు వంతులు వేసినట్టు గదులకి వంతులు వేశాను. రెండు ఒక యాప్‌కి, ఒకటి రెండోదానికి, రెండు మా ఫోన్‌కి. ఒకరి గది ఇంకొకరికి కనపడదు. రెండు యాప్‌ల క్యాలెండర్లు లింకు చేస్తే చాలంటారు గానీ, ఆ లింకు వెంటనే మారదు, ఒక్కోసారి గంటలు పడుతుంది. మామూలు రోజుల్లో పర్వాలేదు. భోగి నుంచి కనుమ దాకా, అంతర్వేది తీర్థం రోజుల్లో మాత్రం దాన్ని నమ్ముకుంటే మునిగినట్టే.

ఆ రోజులకి 'వచ్చాక డబ్బు కట్టండి' అన్న ఆప్షన్ తీసేయండి. దానివల్లే జనం నాలుగుచోట్ల బుక్ చేసుకుని ఒకచోటికి వెళ్తారు. పండగ మూడు రోజులకీ మేం కనీసం రెండు రాత్రులు, ముందే పూర్తి డబ్బు అని పెట్టాం. ఒక రాత్రికే వచ్చేవాడు సరిగ్గా సంక్రాంతి రాత్రి తీసుకుంటే, అటూ ఇటూ ఖాళీయే.

యాప్‌కి మేం కట్టే కమీషన్ 18 శాతం. 3,000 గదికి 540 పోతుంది. రెండోసారి నేరుగా వచ్చేవాళ్లకి అందులో 300 తగ్గిస్తాను. కాకపోతే బయట తక్కువ ధర పెట్టకూడదన్న షరతు మీ ఒప్పందంలో ఉందేమో చదువుకోండి.

వరదల సంగతి వేరు. జులై, ఆగస్టుల్లో టీవీలో గోదావరి కనపడగానే వరసగా క్యాన్సిల్ చేస్తారు, మన ఊళ్లో చుక్క నీరు లేకపోయినా సరే. అందుకని రూల్‌ని ధవళేశ్వరానికి కట్టేశాను. బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక, అంటే 13 లక్షల క్యూసెక్కులు దాటితే, డబ్బు మొత్తం వెనక్కి. మొదటి హెచ్చరిక, 10 లక్షలు, అయితే తేదీ మార్చుకోవచ్చు. అంతకంటే తక్కువైతే మామూలు క్యాన్సిలేషన్ రూలే. ఇది బుకింగప్పుడే వాట్సాప్‌లో పంపుతాం. వాదనలు ఆగిపోయాయి.

ఇంకొకటి, ఇది డబ్బుకి సంబంధించిందే. ఆర్మీ ఆఫీసర్నంటూ ఒకాయన ఫోన్ చేశాడు. ఐదు గదులూ కావాలట, నాలుగు రోజులట, బేరం లేదు. అడ్వాన్స్ కోసమని క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ ఖాతాలో పడిపోతాయి" అన్నాడు. లెక్కలో అరవై వేలు కనపడుతుంటే నా వేలు ఆగదుగా! పక్కన కొబ్బరి కోరుతున్న మా ఆవిడ తలెత్తకుండానే, "మనకి డబ్బులు రావడానికి మన పిన్ ఎందుకండీ?" అంది. అదే మాట ఫోన్‌లో అడిగితే అవతలివాడు పెట్టేశాడు.