గ్రీన్‌హౌస్ పరిశోధనకు అంశం ఎంచుకునే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతో పంపిన అంశాల జాబితా చూశాను. సగానికి సగం "దిగుబడి పెంచడం ఎలా" అన్న ప్రశ్నకే వేరువేరు చొక్కాలు తొడిగినట్టున్నాయి. దిగుబడి అక్కర్లేదని అనను. అమ్మకానికి పండించేవాళ్లకు నిద్ర పట్టనివ్వనివి మాత్రం ఇంధనం ఖర్చు, కూలి, తెగులు, వాడేసిన నీరు. అక్కణ్ణించి వెతుకు.

నన్నడిగితే మొదట పెట్టాల్సింది గాలిలో తేమ. చలి ప్రాంతంలో తేమ పోగొట్టాలంటే పైకప్పు కిటికీలు తెరవాలి, తెరిస్తే డబ్బు పోసి పుట్టించిన వేడి బయటికి పోతుంది. వేడి ఆదా కోసం రాత్రి తెర లాగితే లోపల తేమ నిలిచి బూజు తెగులు దిగుతుంది. వేడి ప్రాంతంలో ఇంకో తంటా. తడి ప్యాడ్ల గుండా ఫ్యాన్లతో గాలి లాగి చల్లబరిచే ఫ్యాన్ అండ్ ప్యాడ్ పద్ధతి గాలిని తడి బల్బు ఉష్ణోగ్రత (నీరు ఆవిరవడం వల్ల గాలి చల్లబడగల హద్దు) కన్నా కిందికి దించలేదు, బయటి గాలే తడిగా ఉన్న రోజున అది దాదాపు ఉత్త ఫ్యానే. ఇంధనాన్నీ తెగులునూ వేరువేరు విభాగాలవాళ్లు విడివిడిగా చూస్తారు గానీ, తోటలో ఆ రెండూ ఒకే ముడి.

చాలా పేపర్లలో "తేమ 80 శాతం" అని రాసి ఊరుకుంటారు. 25 డిగ్రీల దగ్గర 80 శాతం అంటే ఆవిరి పీడన లోటు, అంటే గాలి ఇంకా ఎంత ఆవిరి పట్టుకోగలదో చెప్పే కొలత, సుమారు 0.63 కిలోపాస్కల్. 18 డిగ్రీల దగ్గర అదే 80 శాతానికి 0.41. మొక్కకు ఆ రెండూ ఒకటి కావు. నువ్వు మాత్రం లోటే రాయి.

ఇక తెల్లవారుజాము సంగతి. ఎండ తగలగానే గాలి గబగబా వేడెక్కుతుంది, మొక్కలు నీరు వదలడం మొదలుపెడతాయి. కాయ మాత్రం నిండా నీళ్లతో బరువుగా ఉంటుంది కనుక నెమ్మదిగా వేడెక్కుతుంది. గాలి 25 డిగ్రీలు, తేమ 80 శాతం అయ్యేసరికి, 21 డిగ్రీల లోపు ఉన్న దేనిమీదైనా నీరు చేరుతుంది. కాయ ఇంకా 19 దగ్గరే ఉంటే దాని ఒళ్లంతా చెమ్మ. బూజు తెగులు తెచ్చే బొట్రైటిస్ అనే శిలీంధ్రం బీజం మొలకెత్తడానికి కావలసింది ఆ తడే. వరసల మధ్య వేలాడే సెన్సర్‌ను అడిగితే అంతా బాగానే ఉందంటుంది! సూర్యోదయానికి ఎంత ముందు, గంటకు ఎన్ని డిగ్రీల చొప్పున వేడి పెంచాలి, దానికి ఇంధనం ఎంత, తప్పే తెగులు ఎంత? పంట పంటకూ ఈ లెక్క తేల్చు, కాయ ఉష్ణోగ్రతను చవగ్గా కొలిచే దారి కనిపెట్టు. మంచి పరిశోధనకు ఇది చాలు.

నీ జాబితాలోని ఎల్‌ఈడీ దీపాల అంశాన్ని కొట్టేయకు, ప్రశ్న మార్చు. పాత సోడియం దీపాలు మొక్కల మీద వేడి కూడా కురిపించేవి. వాటిని తీసేస్తే చిగురు చల్లబడుతుంది, నీరు వదలడం తగ్గుతుంది, తాపన పద్ధతి మార్చుకోవాలి. ఏ రంగు కాంతి మంచిదన్న దానికన్నా ఈ ప్రశ్న బరువైనది.

నీటి విషయంలో సోడియం పట్టుకో. మొక్కల వేళ్ల దగ్గర నుంచి కారిపోయే డ్రెయిన్ నీటిని తిప్పి వాడేకొద్దీ మొక్క పెద్దగా తీసుకోని సోడియం పేరుకుంటుంది, చివరికి పోషకాలతో సహా పారబోయాల్సి వస్తుంది. నీటి విద్యుత్ వాహకతను కొలిచే ఈసీ మీటర్ మొత్తం లవణం చెబుతుంది గానీ ఏ లవణమో చెప్పదు. ఒక్కో అయాన్‌ను విడిగా కొలిచే మన్నికైన సెన్సర్లు, పంట మొక్కను అంటుకట్టడానికి సోడియాన్ని ఓర్చుకునే వేరుమూలాలు కావాలి.

తెగుళ్లలో టొమాటో బ్రౌన్ రుగోస్ ఫ్రూట్ వైరస్‌ను దాటిపోకు. 2014లో ఇజ్రాయెల్‌లో, 2015లో జోర్డాన్‌లో బయటపడింది. ఇలాంటి వైరస్‌ల నుంచి టొమాటోను దశాబ్దాలుగా కాపాడిన టీఎం-2 స్క్వేర్డ్ అనే నిరోధక జన్యువును దాటేసింది. చేతులు, కత్తులు, బట్టలు చాలు దానికి పాకడానికి. నిరోధక రకాలతో పాటు పనివాళ్ల కదలిక మీద కూడా పరిశోధన జరగాలి. పరాగసంపర్కానికి 1980ల చివర టొమాటో గ్రీన్‌హౌసుల్లోకి బంబుల్ తేనెటీగలు వచ్చాక, అవి చస్తాయన్న భయంతో మందు కొట్టడం తగ్గింది, చీడలను తినే మిత్రపురుగులకు చోటు దొరికింది. ఒక సమస్యకు మందు ఇంకో గదిలో ఉండొచ్చు మరి.

కృత్రిమ మేధ మీద మోజు ఉన్నట్టుంది నీకు. 2018లో నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం పెట్టిన పోటీలో, కీరదోస పంటను కృత్రిమ మేధతో నడిపిన ఒక జట్టు అనుభవజ్ఞులైన సాగుదారుల కన్నా ఎక్కువ లాభం చూపింది. ఆకులు తుంచి, కాయలు కోసింది మాత్రం మనుషులే. కూలి ఖర్చు తగ్గించే పనికి ఇంకా చాలా ఖాళీ ఉంది.

ప్రయోగం ఎలా వేస్తావన్నదీ ఇప్పుడే ఆలోచించు. ఒక గదిలో కొత్త వాతావరణం, పక్క గదిలో పాతది పెట్టి, గదికి 200 మొక్కలు కొలిస్తే నీకు 200 పునరావృతాలు (ప్రయోగాన్ని విడివిడిగా మళ్లీ చేసిన సార్లు) ఉన్నట్టు కాదు, ఒక్కటే; మొక్కలన్నీ ఒకే గదిలోవి కదా. గదులు చాలకపోతే తర్వాతి పంటలో వాటిని తారుమారు చెయ్యి, అదీ కుదరకపోతే ఆ అంశం వదిలెయ్యి.

జాబితా మళ్లీ పంపేటప్పుడు ప్రతి అంశం పక్కన రెండు ముక్కలు రాయి: ఇది తేలితే సాగుదారు మర్నాడు ఏ మీట మారుస్తాడు, దాని ఖర్చు ఎవరు భరిస్తారు. పక్కన ఏమీ రాయలేకపోయిన అంశాలు నాకు పంపనక్కర్లేదు.

పెదనాన్న